వెనక అర్రలు

నల్లకుంటలో మా ఇంటి గేటుకు ఒక రేకు బోర్డు వేలాడేది. నీలం రంగు మీద తెల్లటి అక్షరాలతో ‘అర్ర కిరాయికి కలదు’ అని బాపు రాయించాడు. అర్ర ఖాళీగా ఉంటే అక్షరాలు రోడ్డు వైపు, నిండితే ఇంటి వైపు. దాన్ని తిప్పే పని నాది. జూన్ నుంచి ఆగస్టు దాకా, ఉస్మానియాలో అడ్మిషన్లు నడిచినన్నాళ్లూ, రోజుకు నలుగురైదుగురు పిల్లలు ఆ బోర్డు చూసి గేటు చప్పుడు చేసేవారు.

ఇల్లు 1965లో కట్టింది. ముందు భాగంలో మేము ఉండేవాళ్లం. పెరట్లో వరసగా నాలుగు అర్రలు. ఒక్కొక్కటి పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. పైన సిమెంటు రేకులు, గోడకు రెండు గూళ్లు, ఒక దండెం, ఒక బల్బు. నాలుగు అర్రలకూ మా ఇంటికీ కలిపి బావి ఒక్కటే. బాపు సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఇంటి కోసం తెచ్చిన అప్పు ఆ అర్రల కిరాయితోనే తీరింది. నా కాలేజీ ఫీజు కూడా అందులోంచే కట్టారు. ఊళ్లలో మక్కలు, వడ్లు అమ్మి పంపిన తండ్రుల సొమ్ముతో నేను చదువుకున్నాను. ఈ మాట ముందే చెప్పాలి. తర్వాత చెప్పబోయేది దీనితో కలిపి చదివితేనే న్యాయం.

అమ్మ దగ్గర పొడుగాటి లెక్కల పుస్తకం ఒకటి ఉండేది. పేరు, ఊరు, కాలేజీ, వచ్చిన తారీఖు, కిరాయి, అడ్వాన్సు, పోయిన తారీఖు. ఈ ఏడు గడులు స్కేలు పెట్టి గీసుకుంది. 1966లో మొదలై 1998లో ఆగిన ఆ పుస్తకంలో నూట ముప్పై ఆరు పేర్లున్నాయి. ఆలేరు, జనగామ, సూర్యాపేట, సిద్దిపేట, హుజూరాబాద్, వనపర్తి, అక్కడక్కడా ఒంగోలు, కావలి. మొదటి కిరాయి పద్దెనిమిది రూపాయలు. చివరిది ఆరు వందలు. డిగ్రీ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్లు చరిత్ర చెప్పి రిటైరయ్యాక నేను ఆ పుస్తకాన్ని పాఠం చదివినట్టు చదివాను. అందులో లేని ఎనిమిదో గడి ఒకటి అప్పుడు కనబడింది. దాని గురించే ఈ వ్యాసం.

ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా మొదట కిరాయి ఇంట్లోనే ఉంది. 1918లో ఏడో నిజాం ఫర్మానాతో అది ఏర్పడింది. 1919లో తరగతులు మొదలయ్యేనాటికి దానికి సొంత గోడ లేదు. గన్‌ఫౌండ్రీ దగ్గర కిరాయికి తీసుకున్న భవనాల్లో పాఠాలు నడిచాయి. అడిక్‌మెట్ గుట్టల్లో 1934లో శంకుస్థాపన జరిగింది. 1939 డిసెంబరు 4న ఆర్ట్స్ కాలేజీ భవనం తెరుచుకుంది. ఇరవై ఏళ్లు పరాయి కప్పు కింద పాఠం చెప్పిన విశ్వవిద్యాలయం అది. దానికి కిరాయి దొరకడం కష్టం కాలేదు. వెనక రాజ్యం ఉంది. ఊరి నుంచి ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చిన పిల్లవాడి వెనక ఎవరున్నారు?

అంతకు ముందటి కాలంలో తెలుగునాట చదువుకు ఊరు విడిచిన పేద పిల్లలకు తెలిసిన దారి వారాలు చెప్పుకోవడం. ఏడు రోజులకు ఏడు ఇళ్లు మాట్లాడుకుని, సోమవారం ఒకరింట్లో, మంగళవారం మరొకరింట్లో అన్నం తినేవారు. పడక ఏ అరుగు మీదో, గుడి మంటపంలోనో. వారం దొరకని రోజు పస్తు. నాలుగు డబ్బులున్నవాళ్లు పూటకూళ్ల ఇంటికి పోయేవారు. టంగుటూరి ప్రకాశం పంతులు తల్లి సుబ్బమ్మ భర్త పోయాక ఒంగోలులో అన్నం వండిపెట్టే ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది. 1892లో మొదట ఆడిన గురజాడ ‘కన్యాశుల్కం’లో పూటకూళ్లమ్మ ఒక పాత్రగా నిలబడిందంటే, ఆనాటి పట్నాల్లో ఆ వృత్తి ఎంత మామూలో తెలుస్తుంది.

వారాలను దయగానే మనం గుర్తుపెట్టుకున్నాం. దయే, కాదనను. ఎండిన డొక్కతో వచ్చిన పరాయి పిల్లవాడికి వారానికో పూట విస్తరి వేసిన తల్లుల రుణం చిన్నది కాదు. అయితే ఆ విస్తరి ముందు కూర్చోవాలంటే ఆ ఇంటికి సరిపడే కులంలో పుట్టి ఉండాలి. ఆ దారి ఎక్కువగా బ్రాహ్మణ పిల్లలకు తెరిచిన దారి. మిగతావాళ్లు చదువుకు పట్నం రావడం మొదలుపెట్టేసరికి వాళ్లకు అన్నం పెట్టే ఇల్లూ లేదు, పడుకోనిచ్చే అరుగూ లేదు.

మన ప్రాంతంలో హాస్టళ్ల చరిత్ర ఇక్కడ పుట్టిందని నా నమ్మకం. మద్రాసులో బ్రాహ్మణేతర విద్యార్థులకు బస దొరకడం కష్టంగా ఉందని డాక్టర్ సి. నటేశ ముదలియార్ 1916లో ట్రిప్లికేన్‌లో ద్రావిడ హోం తెరిచారు. రెండేళ్లకు, 1918లో, హైదరాబాదులో రెడ్డి హాస్టల్ మొదలైంది. దాని వెనక నిలబడ్డ రాజా బహదూర్ వెంకటరామారెడ్డి ఆ తర్వాత నగర కొత్వాల్ అయ్యారు. గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి చాలా ఏళ్లు ఆ హాస్టల్ బాధ్యతలు చూశారు. తర్వాత ఒక్కో కులం తన పిల్లల కోసం తానే ఇల్లు కట్టుకుంది. కాచిగూడలో మున్నూరుకాపు హాస్టల్, హిమాయత్‌నగర్‌లో గౌడ హాస్టల్, ఇంకా వైశ్య, పద్మశాలి హాస్టళ్లు. చిన్నప్పుడు ఆ బోర్డులు చూసి, ఎవరి కులం మీద వాళ్లకు ఎంత అభిమానమో అనుకునేదాన్ని. ఇప్పుడు వాటిని మరోలా చదువుతాను. నగరంలోని ఇళ్లు కాదన్న పిల్లల లెక్క ఎక్కడా రాసి లేదు. ఆ లెక్క రాతి గోడలై నిలిచింది, ఈ హాస్టళ్ల రూపంలో.

హాస్టల్లో చోటు దొరికినా అది ఎంత పలచటి ఆధారమో 1938 చూపించింది. ఆ ఏడాది చివర ఉస్మానియా హాస్టల్ ప్రార్థన మందిరంలో విద్యార్థులు వందేమాతరం పాడారు. పాడొద్దన్నారు. పిల్లలు వినలేదు, సమ్మె కట్టారు. వందల మందిని చదువు నుంచీ హాస్టల్ నుంచీ బయటికి పంపారు. వాళ్లలో చాలామందిని నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. పి.వి. నరసింహారావు అలా నాగపూర్ వెళ్లిన వారిలో ఒకరు. తెలుగు పిల్లలు భాష తెలియని ఊళ్లో మళ్లీ మొదటి నుంచి అర్రలు వెతుక్కున్నారు.

ఆర్ట్స్ కాలేజీ అడిక్‌మెట్‌కు వచ్చాక ఊరు దాని చుట్టూ పెరిగింది. విద్యానగర్ పేరులోనే చదువుంది. జామియా ఉస్మానియా అని రైల్వే స్టేషనుంది. నల్లకుంట, అడిక్‌మెట్, శివం రోడ్డు, సీతాఫల్‌మండి, తార్నాక ప్రాంతాల్లో ఇల్లు కట్టుకున్న ప్రతి గుమాస్తా, ప్రతి టీచరూ వెనక ఒకటో రెండో అర్రలు వేశాడు. యూనివర్సిటీ హాస్టళ్లు చాలక మిగిలిన పిల్లలంతా ఆ అర్రల్లోకి చేరారు. మా నాలుగు అర్రలూ ఆ వరసలోవే.

ఆ జీవితం నాకు వాసనలతో సహా గుర్తుంది. గౌలిగూడ బస్టాండులో దిగి, సిటీ బస్సులో బియ్యం మూట వేసుకుని వచ్చేవారు. మూటతో పాటు మామిడికాయ తొక్కు, కారం పొడి, కొత్త చాప, ఒక లాంతరు. అర్రకు ఇద్దరు. ఒకరు వండితే ఒకరు గిన్నెలు తోమాలి. వంతు తప్పితే ఆ రాత్రి మాటలుండవు. గ్యాసునూనె రేషన్ కార్డు మీదే ఇచ్చేవారు. కిరాయి పిల్లలకు కార్డుండదు. అమ్మ మా కార్డు మీద తెచ్చి, లీటరుకు లీటరు వాళ్లకు కొలిచిచ్చేది. పరీక్షల నెలలో నాలుగు బల్బులూ తెల్లవార్లూ వెలిగేవి. కరెంటు బిల్లు చూసి బాపు నిట్టూర్చేవాడు గానీ, ఆర్పమని ఒక్కనాడూ అనలేదు. ‘వాళ్ల బాపు లాంతరు కాడ కూసుని బీడీలు చుడుతుండొచ్చు, ఈ పిల్లగాడు బల్బు కింద సదువుతున్నడు, సదువనీ’ అనేవాడు. ఎవరికైనా జ్వరమొస్తే మా వంటింట్లోంచి జావ పోయేది. రిజల్ట్స్ వచ్చిన రోజు పెరడంతా మిఠాయి పంచేవారు.

బ్రోకర్లు ఆ రోజుల్లో వెనక అర్రల జోలికి రాలేదు. అర్ర ఒక ఊరి చేతిలోంచి అదే ఊరి చేతిలోకి పోయేది. ఆలేరు పిల్లవాడు చదువైపోయి వెళ్తూ ‘అమ్మా, మా ఊరి పిల్లగాడు ఒకడున్నడు, మంచోడు’ అని తీసుకొచ్చేవాడు. మా రెండో అర్ర 1967 నుంచి 1975 వరకు ఆలేరుదే. పుస్తకంలో ఎనిమిదేళ్లు అదొక్క ఊరి పేరే ఉంది. అగ్రిమెంటు లేదు, రసీదు లేదు. ఇళ్ల కిరాయిల మీద 1960లోనే రాష్ట్రంలో చట్టం వచ్చింది గానీ, మా పెరట్లో ఎవరూ దాని పేరెత్తలేదు. మాటే కాగితం. లోపల తన ఊరివాడున్న పిల్లవాడికి ఆ పద్ధతి పెన్నిధి. తన ఊరి నుంచి మొదటిసారి యూనివర్సిటీకి వచ్చినవాడికి అది గోడ. మొదటివాడి కోసం చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. అతని దగ్గర ఉండేది తన నోటిమాట ఒక్కటే.

1978 జులైలో అలాంటి ఒకరు వచ్చారు. నాకప్పుడు పదహారేళ్లు. నల్లగొండ వైపు పల్లె. ఎం.ఎస్‌సీ. లెక్కల్లో సీటు వచ్చింది. తెల్ల చొక్కా, చేతిలో గుడ్డ సంచి. ఎండనపడి వచ్చాడని అమ్మ స్టీలు గ్లాసులో చల్ల ఇచ్చింది. మూడో అర్ర తాళం తీసి చూపించింది. నలభై ఐదు రూపాయలంటే సరేనన్నాడు. తాళంచెవి అమ్మ చేతిలోంచి అతని చేతిలోకి పోబోయే క్షణంలో, రోజూ అడిగే మాటే అడిగింది.

‘ఏమోళ్లు బిడ్డా మీరు?’

అతను తడుముకోలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

అమ్మ కళ్లు గ్లాసు మీదికి పోయాయి. ఆ చూపు నేను చూశాను, అతనూ చూశాడు. ‘అయ్యో, నిన్ననే ఒగాయన అడ్వాన్సు ఇచ్చిపోయిండు బిడ్డా. నేనే మర్చిపోయిన’ అంది.

‘మంచిదమ్మా’ అన్నాడు. గేటు దాకా వచ్చి ఆగాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ‘అర్ర నిండిందట కద చెల్లె, మరి ఇది తిప్పలే’ అని, తన చేత్తో బోర్డును ఇంటి వైపు తిప్పి వెళ్లిపోయాడు.

మరునాడు పొద్దున అమ్మ చెబితే దాన్ని మళ్లీ రోడ్డు వైపు తిప్పింది నేను. చల్ల గ్లాసు ఆ తర్వాత మా వంటింట్లోకి రాలేదు. పెరటి గూట్లోనే ఉండిపోయింది. మూడో అర్రలో పదకొండు రోజుల తర్వాత హుజూరాబాద్ పిల్లవాడు చేరాడు. ‘బావి ఒక్కటే కద, నీళ్ల కాడ పట్టింపు ఉంటది’ అని అమ్మ బాపుతో అంది. ఆ తర్వాత నల్లా వచ్చింది, బావి పూడ్చారు. ఆ ప్రశ్న మాత్రం గేటు దగ్గరే ఉంది.

పుస్తకంలో లేని ఎనిమిదో గడి అదే. అది రాయాల్సిన అవసరం అమ్మకు రాలేదు, ఎందుకంటే ఆ పరీక్ష పుస్తకం తెరవకముందే అయిపోయేది. నూట ముప్పై ఆరు పేర్లూ గేటు దాటిన పేర్లు. గేటు దాటనివాళ్లు ఎందరో లెక్క లేదు. మా అమ్మ చెడ్డ మనిషి కాదు. పరాయి పిల్లలకు జావ కాచి, మా వాటా గ్యాసునూనె వాళ్లకు కొలిచిన మనిషి. అందుకే ఈ చరిత్ర నన్ను ఇంతగా బాధిస్తుంది. చెడ్డవాళ్లే చేసిన పనైతే చెప్పుకోవడం తేలిక.

తర్వాత చరిత్ర ఎం.ఏ. చేస్తుండగా, బరోడాలో అంబేడ్కర్‌కు జరిగింది చదివాను. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి వచ్చి, 1917లో బరోడా సంస్థానం కొలువులో చేరితే ఆయనకు ఆ ఊళ్లో ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్శీ పేరు పెట్టుకుని ఒక పార్శీ సత్రంలో తలదాచుకుంటే, సంగతి తెలిసి కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. స్నేహితులు సాకులు చెప్పారు. చివరికి ఒక తోటలో కూర్చుని ఆ ఊరే విడిచిపోయారు. అదే మనిషికి 1953 జనవరిలో ఉస్మానియా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని ఆ రెండు తేదీలూ నోటుబుక్కులో పక్కపక్కన రాసుకున్నాను. ఆయన్ను గౌరవించిన విశ్వవిద్యాలయానికి నడిచిపోయేంత దూరంలో, పాతికేళ్ల తర్వాత మా ఇల్లు ఒక గ్లాసు వైపు అలా చూసింది.

ఆ నల్లగొండ పిల్లవాడు ఎక్కడ తలదాచుకుని ఉంటాడు? నాకు క్యాంపస్ మీద తెలిసిన జవాబు ఒకటే, నాన్‌బోర్డర్. హాస్టల్ రిజిస్టరులో పేరుండదు. ఊరివాడో స్నేహితుడో అర్రలో చోటిస్తాడు. ఇద్దరి అర్రలో నలుగురు, కింద చాపల మీద వరస. మెస్సులో ఒకరి ప్లేటులో ఇద్దరు తింటారు. అధికారులు అప్పుడప్పుడూ ఖాళీ చేయిస్తారు, వారం తిరగక ముందే మళ్లీ చేరతారు. దళిత విద్యార్థులకు కేంద్రం ఇచ్చే పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచే ఉంది. చేతిలో స్కాలర్‌షిప్ ఉన్నా నగరంలో తాళంచెవి చేతికి రాదు. దొడ్డమనసుతో చోటిచ్చిన ఆ హాస్టల్ పిల్లలు, సొంత ఇళ్లున్న మేము చెయ్యని పని చేశారు.

ఇంకో ఖాళీ కూడా ఉంది పుస్తకంలో. 1991 వరకు ఒక్క ఆడపేరు లేదు. ఆడపిల్లలు మా గేటు దాకా రానేలేదు. వాళ్లను మా వీధిలో ఎవరూ ఒంటరిగా పెట్టుకోరని వాళ్ల తల్లిదండ్రులకు ముందే తెలుసు. లేడీస్ హాస్టల్లో సీటొస్తేనే చదువు, లేకపోతే పెళ్లి. 1924లో మొదలై, 1949లో కోఠీలోని పాత రెసిడెన్సీ భవనానికి చేరిన మహిళా కళాశాలలో నాతో చదివిన కరీంనగర్ పిల్ల ఒకతె, రెండో ఏడు హాస్టల్ సీటు పోయి ఊరికి తిరిగి వెళ్లింది. మార్కుల్లో ఆమె నాకంటే ముందుండేది. నేను లెక్చరర్నయ్యాను. మా ఇద్దరి మధ్య తేడా అంతా నల్లకుంటలో మాకున్న ఒక ఇల్లు.

1990ల్లో వెనక అర్రల కాలం ముగిసింది. అమీర్‌పేట, ఎస్‌.ఆర్‌. నగర్, దిల్‌సుఖ్‌నగర్‌లలో నాలుగంతస్తుల ఇళ్లు ప్రైవేటు హాస్టళ్లయ్యాయి. మంచానికి ఇంత అని ధర. టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్. ఆదివారం చికెన్. ఇప్పుడు ఆ వ్యాపారం ఎంత పెద్దదంటే, 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ దాని గురించి ప్రత్యేకంగా నిర్ణయం చేసింది. కాలేజీ బయటి హాస్టల్లో కనీసం తొంభై రోజులుంటూ నెలకు ఇరవై వేల రూపాయల లోపు కట్టేవారికి పన్ను మినహాయించింది. ఆ హాస్టళ్లలో గాలి ఆడదు, పప్పు పలచన, జ్వరమొస్తే జావ కాచే అమ్మ లేదు. అయినా వాటి పట్ల నాకు గౌరవముంది. కౌంటర్లో ఆధార్ కార్డు, అడ్వాన్సు అడిగి మంచం చూపిస్తారు. మా గేటు దగ్గర దొరకనిది ఆ నల్లగొండ పిల్లవాడికి అక్కడ దొరికేది. ఒక్కో ఫ్లాటు ఇచ్చే చోట మాత్రం పాత ప్రశ్న కొత్త చొక్కా తొడుక్కుంది. ‘ఫ్యామిలీసేనా?’, ‘వెజ్జేనా?’, ‘ఇంటిపేరేంటి?’ అని అడుగుతారు. ఇంటిపేరు ఎందుకు అడుగుతున్నారో అడిగేవారికీ తెలుసు, చెప్పేవారికీ తెలుసు.

మా ఇల్లు 2004లో బిల్డరుకిచ్చాం. అర్రలు పోయాయి. నా వాటాకు రెండు ఫ్లాట్లొచ్చాయి. చదువుకునే పిల్లలకు కిరాయికివ్వొద్దని మా అపార్టుమెంటు సంఘం తీర్మానం చేసింది. మూడు మీటింగుల్లో నిలబడి దాని మీద మాట్లాడాను. మూడోసారి ఈ బోర్డు కథ చెప్పాను. అమ్మ పేరు చెడుతుందని మా తమ్ముడు నొచ్చుకున్నాడు. అయినా చెప్పాను. తీర్మానం తీసేశారు.

పుస్తకంలో 1978 పేజీ తీశాను. రెండు పేర్ల మధ్య అమ్మ జాగా వదల్లేదు. వరసగా రాసుకుంటూ పోయింది. పక్క మార్జిన్లో పెన్సిల్‌తో రాశాను: ‘ఇక్కడ ఒకాయన వచ్చిండు. నిజం చెప్పిండు. మేం చెప్పలే.’

ఈ జూన్‌లో ముగ్గురమ్మాయిలు ఫ్లాటు చూడ్డానికొచ్చారు. లా కాలేజీలో కొత్తగా చేరినవాళ్లు. వాళ్లకు చల్ల ఇచ్చాను. పేరు, ఊరు, కాలేజీ అడిగి, 1998 తర్వాతి ఖాళీ పేజీలో రాసుకున్నాను. తాళంచెవి ఇచ్చి, అడ్వాన్సు తీసుకుని, కిందికి దిగాను. పాత రేకు బోర్డు తుప్పు పట్టినా అక్షరాలింకా చదవొస్తున్నాయి. అర్ర నిజంగానే నిండింది. దాన్ని లోపలి వైపు తిప్పాను.